దగ్గరపడటం వేరు, చేరుకోవడం వేరు

చేవెళ్ల, మొయినాబాద్ మండలాలు రెండూ పట్టేంత నక్ష ఒకటి తీసుకోండి. సర్వే ఆఫ్ ఇండియా వేసే 1:50,000 స్కేలు నక్ష అయితే మంచిది. అందులో నేల మీది ఒక కిలోమీటరు కాగితం మీద రెండు సెంటీమీటర్లు. దాన్ని చేవెళ్లలో బీజాపూర్ రోడ్డు పక్కన ఏ మర్రిచెట్టు కిందనైనా పరవండి. ఉత్తరం దిక్కు చూసి పెట్టనక్కర్లేదు. వంకరగా పెట్టినా, బోర్లా తిప్పినా, మధ్యకు మడిచినా ఫర్వాలేదు. ఆ కాగితం మీద ఒక్క చుక్క మాత్రం, తాను ఏ చోటును చూపిస్తుందో సరిగ్గా ఆ చోటు మీదే కూర్చుని ఉంటుంది. అలాంటిది ఒకటి తప్పకుండా ఉంటుంది. రెండోది ఉండదు.

నేను మొయినాబాద్ వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కలు చెబుతాను. మాది చేవెళ్ల పక్క పల్లె, కూరగాయలు పండించే ఇల్లు. పొలం గెట్లు, సర్వే నెంబర్లు, నక్షలు చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి ఈ ఉదాహరణంటే నాకు మక్కువ. క్లాసులో ఈ మాట చెప్పగానే పిల్లలు మొదట అడిగేది, ఆ చుక్క ఎక్కడుందో చూపించమని. చూపించకముందే అది ఉందని చెప్పగలగడమే గణితంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. ఆ ధీమా కొంత నక్ష నుంచి వస్తుంది, ఎందుకంటే నక్ష దూరాలను కుదిస్తుంది. మిగతాది ఆ నక్ష పరిచిన నేల నుంచి వస్తుంది. ఆ నేలకున్న గుణం పేరు సంపూర్ణత. ఆ గుణమున్న చోటును సంపూర్ణ మెట్రిక్ స్పేస్ అంటారు. ఎమ్మెస్సీ మొదటి ఏడాది పుస్తకంలో ఒకట్రెండు పేజీల నిర్వచనంగా కనిపించే ఈ ఊహ మీద ఆధునిక గణితంలో సగం భవనం నిలబడి ఉందని నేను నమ్ముతాను. ఎందుకు నమ్ముతానో చెబుతాను.

దూరానికి మూడు షరతులు

మొదట దూరం సంగతి. చిలుకూరు దగ్గర ఉస్మాన్‌సాగర్ ఒడ్డున నిలబడితే అవతలి ఒడ్డు కళ్లెదుటే ఉంటుంది. 1920లో మూసీకి అడ్డంగా కట్టిన జలాశయం అది. పక్షి ఎగిరిపోయే దూరం ఒకటి, చుట్టూ తిరిగి రోడ్డు మీద పోయే దూరం ఇంకొకటి. రెండూ నిజమైన దూరాలే. మరి దేన్ని దూరం అనవచ్చు, దేన్ని అనకూడదు?

1906లో పారిస్‌లో మోరిస్ ఫ్రెషే అనే యువకుడు తన పరిశోధన గ్రంథంలో దీనికి జవాబు రాశాడు. షరతులు మూడే. ఒకటి, దూరం సున్నా అయిందంటే ఆ రెండు చోట్లూ ఒకటే అయి ఉండాలి. రెండు, ఇక్కడి నుంచి అక్కడికి ఎంతో అక్కడి నుంచి ఇక్కడికీ అంతే ఉండాలి. మూడు, మధ్యలో మరో ఊరికి పోయి వెళ్తే దూరం తగ్గకూడదు. చేవెళ్ల నుంచి మొయినాబాద్‌కు శంకర్‌పల్లి మీదుగా పోతే కిలోమీటర్లు పెరుగుతాయే గాని తగ్గవు కదా, అదే ఈ మూడో షరతు. ఉదయంపూట చేవెళ్ల నుంచి మెహిదీపట్నం పోవడానికి పట్టే సమయమూ తిరిగి రావడానికి పట్టే సమయమూ ఒకటి కావు. కాబట్టి బస్సు ప్రయాణ సమయం రెండో షరతు దగ్గరే ఓడిపోతుంది.

ఫ్రెషే గొప్పతనం ఈ షరతుల్లో ఉన్నదానికన్నా, అందులో లేనిదానిలో ఎక్కువ ఉంది. ఆ 'చోట్లు' నేల మీది చోట్లే కావాలని ఆయన అనలేదు. అవి సంఖ్యలు కావచ్చు, వక్రరేఖలు కావచ్చు, ప్రమేయాలు కావచ్చు. ఒక రోజంతా నమోదైన ఉష్ణోగ్రత గ్రాఫును ఒకే ఒక 'బిందువు' అనుకోవచ్చు. రెండు రోజుల గ్రాఫుల మధ్య ఎక్కడ ఎక్కువ తేడా ఉందో ఆ తేడానే వాటి మధ్య దూరం అనుకోవచ్చు. మూడు షరతులూ చక్కగా నిలుస్తాయి. అప్పటిదాకా నేలకు పరిమితమైన జ్యామితి, ఆ రోజు నుంచి దూరం కొలవగలిగిన ప్రతిచోటికీ వచ్చేసింది. 'మెట్రిక్ స్పేస్' అని పేరుపెట్టినవాడు జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ హాస్‌డార్ఫ్. 1914లో వచ్చిన ఆయన గ్రంథం ఈ విషయాన్ని ఒక క్రమంలో పెట్టి ప్రపంచానికి అందించింది. ఆయన యూదుడు. నాజీలు నిర్బంధ శిబిరానికి తరలించబోతున్నారని తెలిసి, 1942 జనవరి 26న బాన్ నగరంలో భార్యతో కలిసి ప్రాణం తీసుకున్నాడు. ఆయన పెట్టిన పేరును బోర్డు మీద రాసే ప్రతిసారీ ఈ మాట పిల్లలకు చెబుతాను. మనం చదువుకునే ప్రతి నిర్వచనం వెనక ఒక మనిషి ఉన్నాడని వాళ్లకు తెలియాలి.

భిన్నాల్లో ఖాళీ

పరిగి వైపు నుంచి వచ్చే ఒక విద్యార్థి ఒకసారి అడిగాడు. "మేడమ్, దగ్గరికొస్తనే ఉన్నదంటే ఏడికో ఒక కాడికి చేరాలె గదా?" పాఠం మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది.

ముందుగా 'దగ్గరికి రావడం' అంటే ఏమిటో తేల్చుకోవాలి. అడుగు అడుగుకూ చిన్నదైతే చాలదు. ఒకటి, దానికి అర కలపండి, మూడోవంతు కలపండి, నాలుగోవంతు కలపండి. అడుగులు సున్నా వైపు కుంచించుకుపోతూనే ఉంటాయి. అయినా 83 అడుగులకు మొత్తం 5 దాటుతుంది, 12,367 అడుగులకు 10 దాటుతుంది, ఏ హద్దు పెట్టినా ఎప్పుడో ఒకప్పుడు దాటుతుంది. ఈ నడక ఎక్కడికీ దగ్గరపడటం లేదు. అందుకని ఫ్రెంచి గణితవేత్త కోషీ 1821లో రాసిన పాఠ్యగ్రంథంలోని షరతు గట్టిది. మీరు ఎంత చిన్న దూరమైనా చెప్పండి. ఒక దశ దాటాక వచ్చే చోట్లలో ఏ రెండింటిని తీసుకున్నా, పక్కపక్కవే కానక్కర్లేదు, వాటి మధ్య దూరం మీరు చెప్పినదానికన్నా తక్కువే ఉండాలి. అలాంటి వరుసను కోషీ అనుక్రమం అంటారు. అంటే ఆ చోట్లన్నీ ఒకదానికొకటి దగ్గరపడుతున్నాయి. గమ్యం పేరు మాత్రం ఈ నిర్వచనంలో ఎక్కడా లేదు.

ఇప్పుడు భిన్నాలు మాత్రమే ఉన్న లోకంలో నిలబడదాం. ఒక సంఖ్యతో మొదలుపెట్టి, దానికీ, రెండును దానితో భాగిస్తే వచ్చినదానికీ సగటు తీయాలి. వచ్చినదానికి మళ్లీ అదే చేయాలి. 1తో మొదలుపెడితే 3/2 వస్తుంది. తర్వాత 17/12. తర్వాత 577/408, అంటే 1.4142156. ఆ తర్వాతి భిన్నం రెండు వర్గమూలంతో 11 దశాంశ స్థానాల దాకా సరిపోతుంది.

ఆ 577/408 మనకు కొత్తది కాదు. యజ్ఞవేదికలు కట్టడానికి రాసిన శుల్బ సూత్రాల్లో చతురస్రం కర్ణానికి ఒక లెక్క ఉంది. భుజానికి దాని మూడోవంతు కలిపి, ఆ మూడోవంతులో నాలుగోవంతు కలిపి, అందులో 34వ వంతు తీసేయమంటుంది. కూడి చూస్తే సరిగ్గా 577/408. బౌధాయనుడి సూత్రాల్లోనూ ఉంది, ఆపస్తంబుడి సూత్రాల్లోనూ ఉంది. తెలుగు నేల మీద తరతరాలుగా ఎక్కువగా పాటిస్తూ వచ్చినది ఆపస్తంబ సూత్రమే.

ఈ వరుసలో ప్రతి అడుగూ భిన్నమే. అడుగులన్నీ ఒకదానికొకటి దగ్గరపడుతూనే ఉంటాయి. చేరవలసిన చోటు √2. అది భిన్నం కాదు. భిన్నాల లోకంలో ఉన్నవాడికి అక్కడ ఏమీ లేదు, ఖాళీ. పరిగి అబ్బాయి ప్రశ్నకు ఇదే జవాబు. దగ్గరపడుతూ పోయినా చేరకపోవచ్చు. అందులో నడిచేవాడి తప్పేమీ లేదు. వాడు నడుస్తున్న లోకంలోనే ఆ చోటు లేదు.

ప్రతి కోషీ అనుక్రమానికీ గమ్యం ఆ లోకంలోనే దొరికితే ఆ లోకం సంపూర్ణం. భిన్నాలు అసంపూర్ణం, వాస్తవ సంఖ్యలు సంపూర్ణం. 1872లో జర్మనీలో కాంటర్ చేసింది ఈ ఖాళీలు పూడ్చడమే. దగ్గరపడే ప్రతి భిన్నాల వరుసనూ ఒక సంఖ్యగా లెక్కలోకి తీసుకున్నాడు. ఇదే పద్ధతితో ఏ మెట్రిక్ స్పేస్‌నైనా సంపూర్ణం చేయవచ్చు. దూరం కొలిచే తీరు మార్చి అవే భిన్నాలను పూడిస్తే మరో లోకం వస్తుంది. రెండుతో ఎన్నిసార్లు భాగించగలిగితే సున్నాకు అంత దగ్గర అనుకుంటే, 1, 2, 4, 8, 16 అన్నీ కూడుకుంటూ పోతే వచ్చేది మైనస్ ఒకటి. 1897లో హెన్సెల్ కనిపెట్టిన ఆ సంఖ్యలు లేకుండా నేటి సంఖ్యా సిద్ధాంతం అడుగు ముందుకు వేయలేదు.

నక్ష రుజువు

ఇప్పుడు మర్రిచెట్టు కింద పరిచిన నక్ష దగ్గరికి పోదాం. చేవెళ్ల నుంచి మొయినాబాద్ తిన్నని గీత మీద సుమారు 15 కిలోమీటర్లు. మొయినాబాద్ చౌరస్తాతో మొదలుపెడతాను. నక్ష మీద దాని చుక్క ఎక్కడుందో వెతుకుతాను. ఆ చుక్క ఉన్నది చేవెళ్లలో, నా కాళ్ల దగ్గర. మొదటి అడుగు 15 కిలోమీటర్లు. ఇప్పుడు ఆ చుక్క కింద ఉన్న నేలను నక్ష మీద వెతుకుతాను. నక్ష ప్రతి దూరాన్నీ 50 వేల వంతుకు కుదిస్తుంది కనుక రెండో అడుగు 30 సెంటీమీటర్లు. మళ్లీ అదే చేస్తే మూడో అడుగు 6 మైక్రాన్లు, తల వెంట్రుక మందంలో పదోవంతు కూడా ఉండదు. నాలుగో అడుగుకు ఒక పరమాణువంత దూరం మిగులుతుంది. ఇక పెన్సిల్ మొన పనికిరాదు. గణితం అక్కడ ఆగదు.

అడుగులు ఇలా ప్రతిసారీ ఒకే నిష్పత్తిలో తగ్గితే, వాటన్నిటినీ కూడినా ఒక హద్దు దాటవు. అందువల్ల ఇది కోషీ అనుక్రమం. నేల సంపూర్ణం కనుక దీనికి గమ్యం ఉంది. ఆ గమ్యాన్ని మళ్లీ నక్ష మీద వెతికితే అదే చోట దొరుకుతుంది. రెండు ఉండవెందుకంటే, అలాంటివి రెండుంటే వాటి మధ్య దూరం నక్ష మీద 50 వేల వంతుకు తగ్గాలి, చోట్లు కదలలేదు కనుక తగ్గకుండానూ ఉండాలి. ఆ దూరం సున్నా అయితే తప్ప ఇది కుదరదు.

సంపూర్ణత ఎక్కడ పనిచేసిందో చూడాలంటే, ఆ ఒక్క బిందువును లోకం నుంచి తీసేశామనుకోండి. ఒక్కటే బిందువు, పరిమాణమే లేనిది. నక్ష ఇంకా దూరాలను కుదిస్తూనే ఉంది. మన అడుగులు ఇంకా దగ్గరపడుతూనే ఉన్నాయి. కానీ చేరడానికి చోటు లేదు. సిద్ధాంతం మొత్తం కూలిపోతుంది. ఒక్క బిందువు లేకపోవడానికి ఇంత బలముందని తెలిసిన రోజున నిర్వచనాల మీద నాకు గౌరవం పెరిగింది.

ఈ సిద్ధాంతం స్టెఫాన్ బనాఖ్‌ది. పోలెండ్‌లో పుట్టి, డిగ్రీ పూర్తిచేయకుండానే గణితాన్ని సొంతంగా చదువుకున్నవాడు. 1916లో క్రాకవ్ నగరంలోని ఒక పార్కులో గణితం మాట్లాడుకుంటుంటే, ఆ దారిన పోతున్న స్టైన్‌హాస్ అనే గణితవేత్త విని ఆగిపోయాడు. అలా ఆయన బయటి ప్రపంచానికి తెలిశాడు. ల్వోవ్ విశ్వవిద్యాలయానికి 1920లో సమర్పించి, 1922లో అచ్చయిన ఆయన పరిశోధన గ్రంథంలో ఈ స్థిర బిందు సిద్ధాంతం ఉంది. సంపూర్ణమైన లోకంలో దూరాలను ఒకే నిష్పత్తితో కుదించే ఏ ప్రక్రియకైనా కదలని బిందువు ఒకటి, ఒక్కటే ఉంటుంది. ఎక్కడ మొదలుపెట్టినా దానికే చేరతాం. ఎన్ని అడుగులకు ఎంత దగ్గరికి వస్తామో ముందుగానే లెక్క కట్టవచ్చు. దూరమూ కూడికా రెండూ ఉండి సంపూర్ణమైన అంతరాళాలకు, అంటే స్పేస్‌లకు, ఇవాళ ఆయన పేరే ఉంది.

ఉస్మానియా నుంచి ఒక బాట

చుక్కల లోకం వదిలి ప్రమేయాల లోకంలోకి పోతే ఈ సిద్ధాంతం అసలు బలం కనిపిస్తుంది. చెరువులో నీటిమట్టం ఎలా తగ్గుతుంది, మందు రక్తంలో ఎంతసేపు ఉంటుంది, వంతెన ఎలా ఊగుతుంది, ఇవన్నీ అవకలన సమీకరణాలు. సమీకరణం రాయడం తేలిక. దానికి పరిష్కారం అసలు ఉందా అన్నది మొదటి ప్రశ్న.

సులువైనది చూద్దాం. ఒక రాశి పెరిగే వేగం ఎప్పుడూ ఆ రాశికే సమానం, మొదట్లో దాని విలువ 1. మొదటి ఊహగా ఎప్పుడూ 1 అనుకుంటాం. దాన్ని సమీకరణంలో పెట్టి సమాకలనం చేస్తే 'ఒకటి ప్లస్ కాలం' వస్తుంది. దాన్ని మళ్లీ పెడితే కాలం వర్గంలో సగం కలుస్తుంది. తర్వాత ఘనంలో ఆరోవంతు. ప్రతి అడుగూ బహుపదే. గమ్యం మాత్రం బహుపది కాదు, ఘాతీయ ప్రమేయం. భిన్నాలలో √2కు జరిగిందే ఇక్కడా జరిగింది. బహుపదుల లోకం అసంపూర్ణం. ఒక హద్దున్న కాలవ్యవధి మీద అవిచ్ఛిన్న ప్రమేయాలన్నిటినీ లోకంగా తీసుకుని, గ్రాఫుల మధ్య అత్యధిక తేడాను దూరంగా పెట్టుకుంటే ఆ లోకం సంపూర్ణం. అక్కడ బనాఖ్ సిద్ధాంతం పనిచేస్తుంది. పరిష్కారం ఉందని, ఒక్కటే ఉందని తేలుతుంది.

ఈ బాటలో చాలా దూరం నడిచినవారు ఉస్మానియా నుంచి వచ్చిన వంగిపురం లక్ష్మీకాంతం. 1957లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ తీసుకున్నారు. ఎస్. లీలతో కలిసి అవకలన అసమానతల మీద 1969లో వెలువరించిన గ్రంథం ఆ రంగంలో ఇప్పటికీ ముందు తెరిచే పుస్తకం. సంపూర్ణ అంతరాళాలలో అవకలన సమీకరణాల మీద 1972లో లాడాస్‌తో కలిసి మరో పుస్తకం రాశారు. కింది నుంచి ఒక వరుస, పై నుంచి ఒక వరుస అడుగులు వేసుకుంటూ వచ్చి పరిష్కారాన్ని పట్టుకునే పద్ధతుల మీద 1985లో జి.ఎస్. లద్దె, ఎ.ఎస్. వత్సలతో కలిసి ఇంకొకటి రాశారు. నాన్‌లీనియర్ అనాలిసిస్ అనే అంతర్జాతీయ పత్రికను 1976లో మొదలుపెట్టారు. 2012లో కన్నుమూసేదాకా ఆయన పని ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. పరిష్కారం ఉందా, ఉంటే అది ఎలా నడుచుకుంటుంది? చేతికి సూత్రం దొరక్కపోయినా ఈ రెండూ చెప్పవచ్చని ఆయన జీవితమంతా చూపించారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కె.పి.ఆర్. శాస్త్రి, ఎస్.వి.ఆర్. నాయుడు వంటివారు స్థిర బిందు సిద్ధాంతాలను మరింత విస్తరించారు. నాయుడు, కె.పి.ఆర్. రావు, ఎన్. శ్రీనివాసరావు కలిసి 2004, 2005లలో ప్రచురించిన పత్రాలంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. రెండు బిందువులకు బదులు మూడు బిందువుల మధ్య 'దూరం' కొలిచే డి-మెట్రిక్ అనే భావన అప్పటికే ప్రచారంలో ఉంది, దాని మీద సిద్ధాంతాలు వరసగా వస్తున్నాయి. వీళ్లు పునాదిని తట్టి చూశారు. అక్కడ దగ్గరపడటం అన్న మాటకు మనం మామూలుగా ఆశించే గుణాలు నిలవవని ఉదాహరణలతో చూపించారు. పైన ఇంకో అంతస్తు కట్టడం కన్నా పునాది పరీక్షించడం కష్టం, పేరూ తక్కువే వస్తుంది. ఆ పని మన విశ్వవిద్యాలయాల్లో జరిగింది.

దూరం మారితే లోకమే మారుతుంది

సంపూర్ణత చోటుకు మాత్రమే సంబంధించిన గుణం అనుకుంటాం. కొలబద్దకు కూడా అందులో వాటా ఉంది. దీనికి నేనెరిగిన అందమైన ఉదాహరణ సి.ఆర్. రావుగారి దూరం.

కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో ఇప్పటి కర్ణాటకలోని హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లారు. 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఆయన రాసిన పత్రం సాంఖ్యక శాస్త్రాన్నే మలుపు తిప్పింది. అందులో ఒక ప్రశ్న వేశారు. రెండు సంభావ్యతా విభాజనాల మధ్య దూరం ఎంత?

చేవెళ్ల మార్కెట్‌కు వచ్చే టమాట బాక్సుల బరువు తీసుకోండి. సగటు 25 కిలోలు, అటూ ఇటూ చెదురు ఒక కిలో అనుకుందాం. గంట ఆకారపు వక్రం అది. చెదురు అర కిలోకు తగ్గితే మరో వక్రం, పావుకు తగ్గితే ఇంకొకటి. సగటు, చెదురు అనే రెండు సంఖ్యలతో గ్రాఫు కాగితం మీద ప్రతి వక్రానికీ ఒక చుక్క పెట్టి, స్కేలుతో కొలిస్తే ఈ చుక్కలు దగ్గరపడుతూ పోతాయి. గమ్యం చెదురు సున్నా అయిన చోటు. అక్కడ వక్రమే లేదు. కాబట్టి స్కేలు దూరంతో ఈ లోకం అసంపూర్ణం.

రావుగారి దూరం వేరు. రెండు వక్రాలను తూకాల దత్తాంశంతో ఎంత సులువుగా వేరు చేసి గుర్తించగలం అన్నదాని మీద అది ఆధారపడుతుంది. ఆ కొలతలో చెదురు ఒకటి నుంచి సగానికి తగ్గితే ఎంత దూరమో, సగం నుంచి పావుకు తగ్గితే సరిగ్గా అంతే, సుమారు 0.98. ప్రతి అడుగూ సమానం కనుక ఈ చుక్కలు దగ్గరపడటం లేదు, అనంత దూరానికి పోతున్నాయి. అంచు చేరరానంత దూరంలోకి జరిగింది, ఖాళీ మాయమైంది. గంట వక్రాల లోకం రావుగారి దూరంతో సంపూర్ణం. 25 ఏళ్ల వయసుకు రాసిన ఆ పత్రానికి, 2023లో, 102 ఏళ్ల వయసులో, అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర బహుమతి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో ఆయన కన్నుమూశారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఆయన పేరుతో ఉన్న గణిత సంస్థ మా మొయినాబాద్ పిల్లలకు అందనంత దూరమేమీ కాదు.

కాలిక్యులేటర్ వెనక ఉన్నది

మా ఇంజనీరింగ్ పిల్లలు గాస్-సైడల్ పద్ధతితో సమీకరణాలు సాధిస్తారు. ఏదో ఒక విలువతో మొదలుపెట్టి, వచ్చినదాన్ని మళ్లీ పెడుతూ పోతారు. ప్రతి సమీకరణంలో వికర్ణం మీది గుణకం మిగతావాటి మొత్తం కన్నా పెద్దదిగా ఉండాలని పుస్తకం చెబుతుంది. ఆ షరతును బట్టీపట్టి రాస్తే రెండు మార్కులు వస్తాయి. అది బనాఖ్ చెప్పిన కుదింపు షరతే. అది నెరవేరితే ప్రతి అడుగుకూ తప్పు ఒకే నిష్పత్తిలో తగ్గుతుంది, జవాబు ఉండి తీరుతుంది. 1998లో సెర్గీ బ్రిన్, లారీ పేజ్ వెబ్ పేజీలకు వరుస ఇవ్వడానికి రాసిన పద్ధతిలో 0.85 అనే సంఖ్య ఉంటుంది. అదీ కుదింపు నిష్పత్తే. ఏ పేజీకి ఎంత విలువ ఇచ్చి మొదలుపెట్టినా చివరకు ఒకే వరుస రావడానికి కారణం అది. యంత్రాలకు అనుభవంతో నేర్పే పద్ధతుల్లో రేపటి లాభానికి ఇవాళ కొంత విలువ తగ్గించి లెక్కవేస్తారు. ఆ తగ్గింపే అక్కడ కుదింపు అవుతుంది.

సంపూర్ణత స్థిర బిందువులతో అయిపోదు. ఫ్రెంచి గణితవేత్త బేర్ 1899లో రాసిన సిద్ధాంతం ప్రకారం సంపూర్ణమైన లోకాన్ని, ఎక్కడా దట్టంగా లేని పలచని సమితులతో, వాటిని లెక్కపెట్టుకుంటూ పోయినా కప్పలేం. దీని సాయంతో, తెగకుండా గీసినా ఏ ఒక్క చోటా స్పర్శరేఖ లేని వక్రాలే ఎక్కువని 1931లో బనాఖ్ నిరూపించాడు. అలాంటి వక్రం ఒకటి కట్టి చూపించడానికే అంతకుముందు ఎంతో శ్రమ పడ్డారు. సంపూర్ణత తెలిస్తే, వెతకకుండానే అవి లోకమంతా నిండి ఉన్నాయని తెలిసిపోతుంది. క్వాంటం యాంత్రిక శాస్త్రానికి వేదికైన హిల్బర్ట్ అంతరాళం నిర్వచనంలో కూడా సంపూర్ణత ఒక షరతు.

అందుకే ఈ పాఠాన్ని నిర్వచనం చెప్పి, రుజువు రాయించి వదిలేయడం నాకు ఇష్టముండదు. కంప్యూటరు తెర మీద అంకెలు కదలడం ఆగిపోతే జవాబు వచ్చిందని పిల్లలు అనుకుంటారు. మనం ముందు చూసిన ఒకటి, అర, మూడోవంతుల కూడిక, అంటే హరాత్మక శ్రేణి కూడా తెర మీద ఒక దశలో కదలనట్టే కనిపిస్తుంది, యంత్రానికి అంత చిన్న అడుగులు కనబడవు గనుక. యంత్రం తనంతట తాను ఈ సంగతి చెప్పదు. లెక్క మొదలుపెట్టే ముందు మూడు ప్రశ్నలు అడగమంటాను. ఇక్కడ దూరం ఏది? నా ప్రక్రియ ఆ దూరాన్ని ఒకే నిష్పత్తితో కుదిస్తుందా? నేను నడిచే లోకంలో ఖాళీలు లేవని రుజువు ఉందా? మూడింటికీ జవాబు దొరికితే, మొదటి ఊహ ఎంత తప్పైనా దిగులు పడక్కర్లేదు. మొయినాబాద్‌లో మొదలుపెట్టినా, వికారాబాద్‌లో మొదలుపెట్టినా చేరే చోటు ఒక్కటే, అది ఉంది, ఎన్ని అడుగుల్లో ఎంత దగ్గరకు వస్తామో ముందే చెప్పగలం. నాలుగో అంకె దగ్గర ఆగిన లెక్కను కూడా నమ్మకంగా వంతెనకూ, మందు మోతాదుకూ వాడుకునే హక్కు మనకు ఈ రుజువు వల్లే వచ్చింది. ఆ హక్కు ఎక్కడి నుంచి వచ్చిందో చేవెళ్లలో డిగ్రీ చదివే ప్రతి విద్యార్థికీ తెలియజెప్పడం లెక్కలు చెప్పే మా అందరి బాధ్యత.